సహజ పరిమళమును గూర్చి ఒక వైద్యుని మాట

నర్సంపేటలో చర్మవ్యాధులు చూచు వైద్యునియొద్దకు వచ్చువారిలో మిరపతోటలలోను పత్తిచేలలోను రెక్కలు ముక్కలు చేసికొనువారే ఎక్కువ; వారి మెడలమీదను ముంజేతులమీదను లేచిన దద్దురులకు మిరపఘాటు కారణమో, పురుగుమందు కారణమో, గట్లవెంట విచ్చలవిడిగా పెరిగిన వయ్యారిభామ కారణమో తేల్చుటయే మాకు మొదటి పని. కొంతకాలముగా ఆ వరుసలో సువాసనయు చేరినది. రసాయనపు సెంట్లు విడిచి పూలనుండియు వేళ్లనుండియు తీసిన అత్తరులు వాడినచో ఈ బాధ యుండదని చదువుకొన్నవారు పలువురు నమ్ముచున్నారు. సహజ పరిమళమును కోరుకొను వారి అభిరుచి నాకును ఇష్టమే. కాని ఆ కోరికకు వారు చెప్పు కారణము చర్మము ముందు నిలువదని నాకు నేర్పినవారు నా రోగులే.

ఒక యువకుడు చెవుల క్రిందినుండి చొక్కా పట్టీవరకు మెడకు రెండువైపుల నీరు జారిన జాడలవలె నల్లని చారలతో వచ్చెను. దుబాయిలోనున్న మేనమామ పంపిన సీసానుండి ఉదయమున నాలుగు చుక్కలు మెడకు రాచుకొని, పగలెల్ల కల్లములో మిరపకాయలు ఆరబోయుట యతని వాడుక. సీసాను జేబులోనుండి తీసి, ఇది రసాయనము కాదనియు, కేవలము సహజతైలములతో చేసినదనియు అతడే చూపెను. అతనిని బాధించినది ఆ సహజత్వమే. బెర్గమాట్ అను నారింజజాతి పండుతొక్కనుండి పిండిన నూనెలో బెర్గాప్టెన్ అను పదార్థము కలదు; అది చర్మముపై నుండగా ఎండలోని అతినీలలోహిత కిరణములు సోకినచో చర్మము కమిలి, నూనె జారిన మేరకంతకును నల్లబారును. సెంటు మానిన పిమ్మట ఆ చారలు మాయుటకు నెలలు పట్టెను. ఈ ప్రాంతపు రైతుకు ఇది వింతగా తోపరాదు. వయ్యారిభామ ఏ కర్మాగారములోను పుట్టలేదు, ఐనను దాని పుప్పొడి గాలికి సోకి ముఖములు వాచినవారు మా గుమ్మమున ఏటేట కనబడుచునే యున్నారు.

అంతకంటె నన్ను ఆలోచింపజేసినది అగరబత్తీల పనిచేయు ఒక స్త్రీ. మహిళాసంఘపు కేంద్రములో ఆమె పని చుట్టిన పుల్లలను సువాసనలో ముంచి ఆరబెట్టుట. వ్రేళ్ల కొసలు చీలి నెత్తురు చిమ్ముచుండెను. సాయంకాలమునకు పొడిదగ్గు పట్టుకొనుచుండెను. ఆమె వాడు సరకులన్నియు తెమ్మనగా బొగ్గుపొడి, జిగట్, వెదురుపుల్లలతోపాటు ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చినది. దానిమూత త్రిప్పినంతనే గదియంతయు గులాబీ వాసనతో నిండి మధ్యాహ్నమువరకు వదలలేదు. డబ్బామీద ఒక పూవుబొమ్మయు, ఒక సంఖ్యయు తప్ప మరేమియు లేదు. ఇట్టి ద్రవములలో సుగంధముకంటె దానిని పలుచన చేయు డైఇథైల్ థాలేటే తరచు హెచ్చుగా నుండును.

"సారూ, ఈ సెంటు బందువెట్టి అసలు పూలనూనెనే పోస్తే నా దగ్గు తగ్గుతదా?" అని ఆమె యడిగెను.

పెద్ద నగరములలోని పరిమళశిల్పులు వాదించుకొను ప్రశ్న అదియే. ఒక కిలో గులాబీతైలమునకు సుమారు 4,000 కిలోల పూలు కావలయునని చెప్పితిని, ఆమె మారుమాటాడలేదు. ఏ నూనెలో ముంచిన పుల్లయైనను మూసిన గదిలో కాలినచో దాని పొగ ఊపిరితిత్తులకు కీడే యనియు చెప్పితిని. ఇక వ్రేళ్ల విషయము. వీపుపై 48 గంటలు పట్టీలంటించి చూచిన పరీక్షలో సువాసనల మిశ్రమమునకు ఆమె చర్మము ఎర్రబడి పొంగినది. ఆ మిశ్రమములోని ఎనిమిదింటిలో హైడ్రాక్సీసిట్రొనెల్లాల్ వంటివి ప్రయోగశాలలో పుట్టినవే కాని, యూజెనాల్ మన లవంగములోనిది, సిన్నమాల్డిహైడ్ దాల్చినచెక్కలోనిది, జెరానియాల్ గులాబీలోనిది. ఆమె అసలైన పూలనూనెకు మారినను ఆ వ్రేళ్లు మానియుండెడివి కావు. చేతితొడుగులు, గాలివచ్చు వసారా, ముంచు పనినుండి కట్టలు కట్టు పనికి మార్పు, ఈ మూడును ఆమెను బాగుచేసినవి.

అట్లని కృత్రిమమును కొనియాడుట నా యుద్దేశము కాదు. 1888లో ఆల్బర్ట్ బావర్ ప్రేలుడు పదార్థములపై పరిశోధించుచు కస్తూరివాసనగల నూతన పదార్థమును కనుగొనినప్పుడు కస్తూరీమృగములకు కొంత మేలే జరిగియుండును; కాని అదే కుదురునకు చెందిన మస్క్ ఆంబ్రెట్ నరములకు హానికరమనియు, ఎండ తగిలిన చర్మమును చెరచుననియు తేలి, తరువాత యూరోపులో నిషిద్ధమైనది. దానిని ఎన్నో ఏండ్లు రాచుకొనినవారికి దానిపేరైనను తెలియదు. నాకు కోపము కలిగించునది ఈ తెలియకపోవుటయే. వరాహమిహిరుడు బృహత్సంహితలోని గంధయుక్తి అధ్యాయమున 16 ద్రవ్యములనుండి నాలుగేసి చొప్పున తీసి 1,820 విధముల కలుపవచ్చునని గణించెను. ప్రతి కలయికలోని ప్రతి ద్రవ్యమునకును పేరు కలదు. కన్నౌజులో రాగిపాత్రలలో పూలుడికించి, ఆ ఆవిరిని మంచిగంధపు నూనెలోనికి దింపు అత్తరునందును, గంజాం తీరమున మొగలిపూలనుండి తీయు అత్తరునందును ఉన్న మేలు ఇదియే: ఏమేమి కలిసినవో తయారుచేయువాడు చెప్పగలడు. గంధపుచెక్క ధర పెరిగిన పిమ్మట దాని స్థానమున పారఫిన్ నూనె పోయు అంగళ్లలో ఆ మేలును పోయినది.

సహజమునే కోరుకొనువారికి మరియొక హెచ్చరిక. మల్లెలోను లావెండరులోను ఉండు లినలూల్ తాజాగా నున్నప్పుడు చర్మమును అంతగా బాధింపదు. సీసా తెరచి నెలలతరబడి గాలి తగులనిచ్చినచో మారిపోయి దద్దురులు రేపును. ఉదయము కోసి సాయంకాలము తలలో తురిమి మరునాడు పారవేయు పూవునకు ఈ దోషము లేదు. ఎండకాలమున తడిపి కట్టు వట్టివేళ్ల తడికకును లేదు. పరిమళము కావలసినవారు దుస్తులకు పూసికొనుడు, ఎండలోనికి పోవునప్పుడు మెడకు రాచుకొనకుడు, పాతబడిన సీసాను పారవేయుడు.

యూరోపులో 2005 నుండి అలర్జీ కలిగించు 26 సుగంధద్రవ్యముల పేర్లు ఒక మితిని మించినచో సీసామీద అచ్చువేయక తప్పదు. 2023లో ఆ పట్టిక ఎనుబదికి మించి పెరిగినది. మన అగరబత్తీ కేంద్రములును, అత్తరు తయారుచేయువారును చట్టము వచ్చువరకు వేచియుండనక్కరలేదు. పూలనుండి తీసినదైనను, ప్రయోగశాలలో చేసినదైనను, డబ్బాలో ఏమేమి యున్నవో పేరుపేరున తెలుగులో ముద్రింపుడు. కొనువారలారా, పేర్లులేని డబ్బాను అంగడిలోనే విడిచిరండు.