నేను వద్దన్న ప్రయాణం

ప్రయాణానికి ముందురోజు మా ఇంట్లో బరువు చూసుకునే మిషన్ బాత్రూంలోంచి హాలు మధ్యకి వచ్చి కూర్చుంటుంది. బట్టల బ్యాగులు, నీళ్ల సీసాలు, పులిహోర డబ్బా, మా ఆయన, చివరికి నేను, అందరం వరసగా దాని మీదకి ఎక్కి దిగాలి. అంకె చెప్పేటప్పుడు నేను ఒక్క పౌండు తగ్గించినా ఆయన ఊరుకోరు. "ఇది చీరల కొట్టు కాదు, బేరాల్లేవు" అంటారు. నా అసలు బరువు ప్రపంచంలో ఆయనకి, ఒక నోట్‌బుక్కుకి మాత్రమే తెలుసు.

కారణం ఏమిటంటే, మాకో చిన్న విమానం ఉంది. కొన్నది కాదు, కట్టుకున్నది. ఇద్దరే కూర్చోగల బండి, పేరు ఆర్వీ-9ఏ. ఆరెగన్ రాష్ట్రంలోని వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే కంపెనీ దీని భాగాలను పెట్టెల్లో పంపుతుంది. కట్టుకోవడం మన పని. ఇక్కడ అమెరికాలో చట్టం ఏమంటుందంటే, పనిలో సగానికి పైగా చదువుకోసమో సరదాకోసమో మనమే చేసుకున్నట్టయితే అది "సొంతంగా కట్టుకున్న విమానం" కింద లెక్క. డాలస్ దగ్గర మా గరాజులో ఆ పని ఏడేళ్లు సాగింది. కార్లు ఎండలో, విమానం నీడలో.

ఆ ఏడేళ్లూ ఆయన బయటి వైపు నుంచి రివెట్లు కొడుతుంటే, రేకు లోపలి వైపు ఇనుప దిమ్మ ఒత్తిపట్టుకున్నది నేనే. తెలుగు బీఏ చదివి ఇదేం పనిరా అనుకునేదాన్ని. చెయ్యి కాస్త కదిలితే రివెట్ వంకరపోయేది, దాన్ని తీసేసి మళ్లీ కొట్టాలి. రెక్కలకి చివరి రేకు మూసేసే ముందురోజు, అప్పటికి పదేళ్లున్న మా అమ్మాయి లోపల మార్కర్‌తో తన పేరు రాసుకుంది, పక్కన ఒక పువ్వు వేసింది. ఆ పేరు ఇక ఎవరికీ కనపడదు. కానీ మేం ఎక్కడికి ఎగిరినా అది మాతోనే వస్తుంది.

లోపల మా ఎదురుగా ఒక చిన్న బోర్డు ఉంటుంది, పెట్టి తీరాలి. ఇది సొంతంగా కట్టుకున్నదనీ, మామూలు విమానాలకుండే ప్రభుత్వ భద్రతా నియమాలకు తగ్గట్టు ఉండదనీ దాని సారాంశం. తెనాలిలో ఉన్న అత్తయ్యగారికి ఫోటో పంపి అర్థం చెబితే, "అది చదివి కూడా ఎక్కుతున్నావా అమ్మాయ్?" అన్నారు. ఏం చెప్పను? "కట్టింది మీ అబ్బాయే కదండీ" అన్నాను.

చుట్టుపక్కల తిరిగి రావడానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. దూర ప్రయాణమే అసలు సంగతి. ఆ ప్లానింగులో సగం నా చేతికి ఎలా వచ్చిందో నాకే తెలియదు. పెళ్లివారింటికి వంటసామాను పట్టీ రాసినట్టు మొదలుపెట్టాను, అదే అలవాటైంది.

ముందు బరువు. మా విమానం మొత్తం 1750 పౌండ్లు మించకూడదు. ఖాళీగా ఉన్నప్పుడే 1080. ట్యాంకులు నిండితే 36 గ్యాలన్లు, గ్యాలన్ ఆరు పౌండ్లు, అంటే 216. మిగిలింది మేమిద్దరం, సామాను. కానీ వెనక సామాను చోట 75 పౌండ్లకి మించి పెట్టడానికి వీల్లేదు, ఎక్కువైతే తోక బరువైపోయి విమానం మాట వినదు. ఆ 75లో ఆయన పనిముట్లు, ఇంజన్ ఆయిల్, విమానాన్ని నేలకి కట్టే తాళ్లు, కప్పే గుడ్డ కలిపి ముప్పై దాకా పోతాయి. మిగిలిన నలభై అయిదులో ఇద్దరి బట్టలూ, నేను మోసుకెళ్లే తిండీ. పట్టుచీర ఎంత బరువుంటుందో నాకు పౌండ్లలో తెలుసు.

తర్వాత పెట్రోలు. గంటకి ఎనిమిది గ్యాలన్లు తాగుతుంది, అంటే నాలుగున్నర గంటలు ఎగరొచ్చు. పగటిపూట దిగేసరికి అరగంటకి సరిపడా మిగిలితే చాలని నియమం. మా ఇంటి నియమం గంట. ఇక మూడోది ఏ పుస్తకంలోనూ ఉండదు: అందులో బాత్రూం లేదు. కాబట్టి రెండు, రెండున్నర గంటలకి ఒకసారి దిగాలి. దిగే ఊళ్లో పెట్రోలు ఉందా, ఆదివారం కూడా బాత్రూం తెరిచి ఉంటుందా అని ముందే ఫోన్ చేసి అడిగే పని నాది. చిన్న ఎయిర్‌పోర్టుల్లో మనుషులు చాలా మంచివాళ్లు. ఊళ్లోకి వెళ్లి భోంచేసి రమ్మని పాత కారు తాళాలు చేతిలో పెడతారు, తిరిగొచ్చేటప్పుడు పెట్రోలు పోయించి తెస్తే చాలు.

కొన్ని పాఠాలు ఖర్చు పెట్టి నేర్చుకున్నవి. మొదటి దూర ప్రయాణంలో ఆవకాయ సీసా నిండుగా పట్టి, మూత బిగించి తెచ్చాను. 8500 అడుగుల ఎత్తులో వెనకనుంచి ఆవపిండి వాసన. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచనవుతుంది, పెద్ద విమానాల్లోలా లోపల ఒత్తిడి నిలిపే ఏర్పాటు మాకు లేదు. సీసాలో మిగిలిన కాస్త గాలీ ఉబ్బి నూనెని మూతలోంచి బయటికి తోసేసింది. ఆయన తెల్ల చొక్కాలు రెండు ఆవకాయ రంగుకి వచ్చాయి. అప్పట్నుంచి ఊరగాయ సీసా రెండు కవర్లలో, నిలువుగా, నా కాళ్ల దగ్గరే.

మా అమ్మమ్మ ప్రయాణం అంటే పంచాంగం తీసేది. వర్జ్యం, రాహుకాలం, వారశూల. మంగళ బుధవారాలు ఉత్తరానికి వెళ్లకూడదు, శుక్ర ఆదివారాలు పడమరకి వెళ్లకూడదు. చిన్నప్పుడు నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నేను తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఆయన పక్కన కూర్చుని గాలి ఎటు వీస్తోంది, మబ్బులు ఎంత ఎత్తులో ఉన్నాయి, దారిలో ఏ ఆకాశం మూసేశారు అని చూస్తుంటే అమ్మమ్మే గుర్తుకొస్తుంది. తేడా ఒక్కటే. మంచి ముహూర్తం దాటిపోతే అమ్మమ్మ చెంబూ సంచీ గుమ్మం దాటించి, ప్రయాణం మొదలైనట్టే అని లెక్క వేసుకునేది. విమానానికి ఆ సౌకర్యం లేదు.

నా నోట్‌బుక్కులో మొదటి పేజీలో మేమిద్దరం కలిసి రాసుకున్న మాటలు మూడున్నాయి. ఒకటి, చేరాల్సిన రోజుకి రెండు రోజులు ముందు బయల్దేరాలి. రెండు, కొండల మీద గాలి 25 నాట్లు దాటితే ఆగాలి. మూడు, ఇద్దరిలో ఎవరు వద్దన్నా వద్దే, ఎందుకని రెండోవాళ్లు వాదించకూడదు. మూడోది ఆయన పట్టుబట్టి రాయించారు. చాలా ఏళ్లు నేను దాన్ని వాడలేదు. వాడే అవసరం వస్తుందనీ అనుకోలేదు.

మా అమ్మాయి చదువు టూసాన్‌లో. మే నెలలో శుక్రవారం సాయంత్రం పట్టా ఇచ్చే కార్యక్రమం. నాన్న కట్టిన విమానంలో అమ్మా నాన్నా వస్తున్నారని స్నేహితులందరికీ చెప్పుకుంది. అది దిగేటప్పుడు చూడాలని అయిదారుగురు సిద్ధంగా ఉన్నారట. ఆయన పైకి అనలేదు గానీ, పదిహేను రోజులు ముందే విమానాన్ని రెండుసార్లు కడిగి తుడిచారు.

డాలస్ నుంచి టూసాన్‌కి దాదాపు 700 నాటికల్ మైళ్లు. కారులో అయితే పద్నాలుగు గంటల దారి. బుధవారం పొద్దున్నే బయల్దేరాం. ముందు బిగ్ స్ప్రింగ్‌లో, తర్వాత న్యూమెక్సికోలోని కార్ల్స్‌బాడ్‌లో ఆగి, అక్కణ్ణుంచి గ్వాడలూప్ కొండల పక్కగా ఎల్‌పాసో మీదుగా వెళ్లాలని ప్లాను. తిన్నగా గీత గీసుకుని పోవడానికి లేదు, వైట్ శాండ్స్ దగ్గర సైన్యంవాళ్ల ఆకాశం ఉంది, దాన్ని తప్పించుకోవాలి. పడమటి గాలి ఎదురు. 150 నాట్ల విమానం నేల మీద లెక్కలో 125కే వెళ్తోంది.

కార్ల్స్‌బాడ్‌లో దిగేటప్పటికే గాలి మమ్మల్ని చేటలో బియ్యంలా ఎగరేసింది. రాత్రికి వస్తుందనుకున్న గాలి మధ్యాహ్నానికే వచ్చేసింది. కొండల మీద 35 నాట్లు చూపిస్తోంది. గ్వాడలూప్ శిఖరం 8751 అడుగులు, టెక్సస్ మొత్తంలో అదే ఎత్తు. పడమటి గాలి ఆ కొండల మీదుగా పొర్లి, మేమున్న తూర్పు వైపు కిందికి దూకుతుంది, చిన్న విమానాన్ని తనతోపాటు కిందికి నొక్కేస్తుంది. ఆయన ఫోన్‌లో మ్యాపు చూస్తూ, "దక్షిణంగా చుట్టు తిరిగి వెళ్లొచ్చు. ఎల్‌పాసో ఇంకా బాగానే ఉంది. మూడు గంటల్లో అక్కడుంటాం" అన్నారు.

ఆయన మంచి పైలట్. నేను చూసింది మ్యాపుని కాదు, ఆయన ముఖాన్ని. ఆ ముఖంలో టూసాన్ రన్‌వే కనిపిస్తోంది, పక్కన నిలబడి చేతులూపుతున్న అమ్మాయి కనిపిస్తోంది. దారి మాత్రం కనిపించడం లేదు.

"వద్దండీ" అన్నాను.

ఎందుకని అడగలేదు. మాట ప్రకారం అడగకూడదు కూడా. లేచి వెళ్లి విమానాన్ని తాళ్లతో కట్టి, కంట్రోల్ స్టిక్ ఊగకుండా సీటు బెల్టు దానికి చుట్టి బిగించి వచ్చారు. ఆ సాయంత్రం మోటెల్ గదిలో పులిహోర తిన్నాం. "ఉప్పు సరిపోయిందా?" అంటే "ఊఁ" అన్నారు. ఆ రాత్రి మా మధ్య జరిగిన సంభాషణ అంతే.

గురువారం పొద్దున్న గాలి అలాగే ఉంది. మధ్యాహ్నం పన్నెండు దాకా చూసి, లేకపోతే కారు అని నోట్‌బుక్కులో రాసి ఉంది. పన్నెండయ్యింది. "రేపు పొద్దున్నకి తగ్గేలా ఉంది. ఆరింటికి లేస్తే తొమ్మిదిన్నరకల్లా అక్కడుంటాం" అన్నారు. తగ్గకపోతే? అప్పుడు కారులో ఏడున్నర గంటలు, మధ్యలో టైరు పంక్చరైనా పిల్ల పట్టా తీసుకునేటప్పుడు మేం ఉండం. పైగా శుక్రవారం పొద్దున్న "ఎలాగైనా వెళ్లి తీరాలి" అనే మనిషి పక్కన కూర్చుని కొండలు దాటడం నాకు ఇష్టం లేదు. ఆ మాట ఆయనతో అనలేదు. ఊళ్లో అద్దె కారు మాట్లాడాను.

గ్వాడలూప్ కనుమ దగ్గరికి వచ్చేసరికి కారు పక్కకి జరిగిపోతోంది. ఆయన రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకున్నారు. రోడ్డు పక్కన దుమ్ము తెరలు తెరలుగా లేస్తోంది. పైన కొండకొన దగ్గర మబ్బు ముక్కలు పుడుతున్న చోటే చిరిగిపోతున్నాయి. ఆయన ఒకసారి తలెత్తి చూశారు. చాలాసేపటికి, "కిందే ఇలా ఉంది" అన్నారు. నేనేం మాట్లాడలేదు.

అయితే నిజం చెప్పాలి కదా. శుక్రవారం తెల్లారేసరికి గాలి పడిపోయింది. టూసాన్‌లో ఆకాశం కడిగిన అద్దంలా ఉంది. ఆరింటికి బయల్దేరి ఉంటే హాయిగా వచ్చేవాళ్లం. ఆయన హోటల్ కిటికీ దగ్గర కాఫీ తాగుతూ పైకి చూస్తున్నారు, నేను ఆయన వీపు చూస్తున్నాను. అమ్మాయి ఎదురొచ్చి మొదట అడిగింది, "విమానం ఏదీ?" అని. స్నేహితులు కూడా పక్కనే ఉన్నారు. "అమ్మ వద్దంది" అంటారేమో అనుకున్నాను. "గాలి ఎక్కువగా ఉందమ్మా, దాన్ని దారిలో ఉంచి వచ్చాం" అన్నారు. ఆ ఒక్క మాటకి, ముందు రెండు రోజుల మౌనమూ ఆయనకి మాఫీ చేసేశాను.

పట్టా పుచ్చుకుంది. పేరు పిలిచినప్పుడు తప్పు పలికారు, అయినా మేం గట్టిగానే చప్పట్లు కొట్టాం.

శనివారం మేం కారు తిరిగి ఇవ్వడానికి కార్ల్స్‌బాడ్ బయల్దేరితే, తన కారు వేసుకుని అమ్మాయి వెనకే వచ్చింది. ఆదివారం పొద్దున్న ఆకు కదలడం లేదు. "నాన్నా, ఒక్క చుట్టు" అంది. ఎక్కే ముందు ఎడమ రెక్క మీద చెయ్యి పెట్టి, "ఇక్కడే కదా?" అంది. "ఇంకో జానెడు ఇటు" అన్నారు ఆయన.

ఇద్దరే పట్టే విమానం కాబట్టి నేను కింద ఉండిపోయాను. నేను లేకుండా వాళ్లిద్దరూ అందులో ఎగరడం అదే మొదటిసారి కాదు, కానీ ఆ రోజు కంచె దగ్గర నిలబడి చుక్కయ్యేదాకా చూశాను. లోపల కూర్చుంటే భయం ఉండదు, చెయ్యడానికి ఏదో ఒక పని ఉంటుంది. కింద నోట్‌బుక్కు తప్ప ఏమీ లేదు. 7:10 బయల్దేరారు అని రాశాను. తర్వాత ఏం రాయాలో తోచక, తాళ్లు చుట్టి పెట్టాను, కప్పే గుడ్డ మడతపెట్టాను, విప్పి మళ్లీ మడతపెట్టాను. 7:42 దిగారు.

ఇంటికి వెళ్లే దారి వాతావరణం చూసి ఆయన ఫోన్ నా చేతికిచ్చారు. "ఏమంటావు?" అన్నారు. వెనక నుంచి గాలి, దారంతా శుభ్రం. "బయల్దేరదామండీ" అన్నాను. అమ్మాయి తన పట్టా గౌను, టోపీ మడిచి నా ఒళ్లో పెట్టింది, ఇంట్లో దాచమని. ఆయన దాన్ని చేత్తో ఎత్తి చూసి, "రెండు పౌండ్లు రాసుకో" అన్నారు.

రాసుకున్నాను.