దిద్దిన జాబు

ఇంగ్లీషున ‘కరెక్టు’ అను విశేషణ మొకటి కలదు. బడిపిల్లవాడు మొదలు కొట్టు గుమాస్తా వఱకు నెల్లరును దానిని తెలుగుమాటవలెనే వాడుచున్నారు. ఇరువదేండ్లుగా నుపాధ్యాయవృత్తిలో నున్న మేమును దినమునకు నూఱుమార్లు దాని నుచ్చరించుచుందుము. అయినను దాని యర్థము మా తల్లిగారి జాబు మూలమున గాని మాకు బోధపడలేదు.

ఆ పదము లాటినుభాషనుండి వచ్చినది. ‘చక్కజేయు’ అను క్రియనుండి పుట్టి, మన కృతము, పఠితము మొదలగువాని కోవకు జేరినది. కావున దాని మొదటి యర్థము ‘సరిచేయబడినది’ యని. అనగా నామాట వెనుక దిద్దిన చేయి యొకటి యున్నది. ‘రైటు’ అనునదియు నా మూలధాతువునకు జెందినదే. మన ‘ఋజు’ శబ్దము దానికి దాయాది. కాని యది తనంత తిన్ననైనది. వాడుకలోను భేదము కలదు. నియమమునకు సరిపోవునది కరెక్టు. ధర్మమునకు సరిపోవునది రైటు. ఒకని మర్యాద ‘కరెక్టుగా నున్న’దని ఇంగ్లీషువా రన్నచో, అందు లోపము లేదనుటతోపాటు ఆప్యాయతయు లేదను ధ్వని యొక్కొక్కప్పుడు వినబడును.

మా తల్లిగారు బాల్యమున బడి యెఱుగరు. ఆడుపిల్లకు చదువేల యని పెద్దలు పంపరైరి. అఱువదియేండ్లు దాటిన పిదప, గ్రామమున మా యన్నగారి కుమార్తె పలకమీద నక్షరములు దిద్దుకొని, రెండేండ్లకు మాకు మొదటి జాబు వ్రాసిరి. “అబాయీ, నీ దగు తగిందా” అని దాని మొదటి వాక్యము. మేము మిగుల సంతసించితిమి. సంతసించి, అలవాటుచొప్పున నెఱ్ఱసిరాతో పదునేడు తప్పులు దిద్ది, ప్రోత్సాహమగునని తలచి తిరిగి పంపితిమి.

నాలుగు నెలలు జాబు రాలేదు. పండుగకు బోయి మనుమరాలి నడుగగా, “నాయనమ్మ పలక అటకమీద పెట్టించింది, బాబాయీ” అన్నది.

మా దిద్దుబాటున నొక్క తప్పును లేదు. మేము చేసిన పనియే తప్పు. గురజాడ అప్పారావుగారు 1910లో ప్రకటించిన ‘దిద్దుబాటు’ కథలో భార్య భర్తను దిద్దినదియు నొక జాబుతోనే. కాని యా జాబు వెనుక మంచముక్రింద నవ్వు దాగియున్నది. మా జాబు వెనుక నేమున్నది? తెలుగున ‘ఒప్పు’ అనగా సరియైనది. ‘ఒప్పుట’ యనగా సమ్మతించుట. మనసు సమ్మతింపక మునుపే దిద్దబోవుట సంస్కరణము గోరు మనవంటివారి కందఱికిని గల జబ్బేమో!

పలక దింపి తుడిచి యామె చేతి కిచ్చి, “అమ్మా, ఇకమీద దిద్దను, వ్రాయి” అంటిమి.

“పంతులువి గదా నాయనా, చెయ్యి ఊరుకుంటుందా?” అని యామె నవ్వినారు.

మొన్న జాబు వచ్చినది. అందును “దగు తగిందా” అనియే యున్నది. ఎఱ్ఱకలమును ప్రక్కనుంచి బదులు వ్రాసితిమి: “అమ్మా, దగ్గు తగ్గింది.”