స్వరరేఖకు చోటిచ్చే ఖతి

సాయంకాల వేదపాఠానికి వచ్చే గృహస్థుల కోసం నమకచమకాలను స్వరసహితంగా ఒక చిన్న పుస్తకంగా కూర్చవలసి వచ్చింది. దానికి తగిన ఉచిత ఖతి కోసం నేను వెదకుచుండగా, పాణినీయశిక్ష లిఖితపాఠకుణ్ణి అధముల పట్టికలో చేర్చింది కదా, అక్షరరూపాన్ని గూర్చి ఇంత విచారమెందుకని మిత్రులొకరు ఆక్షేపించారు. గురుముఖతః నేర్చినవానికి గ్రంథం స్మారకం మాత్రమే, నిజమే. ఆ స్మారకమే వక్రమైతే? త్వష్ట వృత్తాంతం తెలియనిది కాదు. ‘ఇంద్రశత్రు’ శబ్దం అంతోదాత్తమైతే తత్పురుషం, ఇంద్రుని సంహర్త అని అర్థం. ఆద్యుదాత్తమైతే బహువ్రీహి, ఇంద్రుడే సంహర్తగా గలవాడు. వర్ణమొక్కటీ మారలేదు, వృత్రుడు హతుడయ్యాడు.

ఖతులకు నేడు కొరత లేదు. అష్టదిగ్గజాలుగా లోకం లెక్కించే కవుల పేర్లతోనే పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ గూగుల్ ఫాంట్స్‌లో లభిస్తున్నాయి. వీటి ఓపెన్ ఫాంట్ లైసెన్సు ప్రకారం రుసుము లేకుండా గ్రంథం ముద్రించవచ్చు, ఆ గ్రంథాన్ని విక్రయించవచ్చు. ఖతిని మాత్రం విడిగా అమ్మరాదు. విద్యావిక్రయ నిషేధానికి ఇది దూరపు చుట్టమనిపించింది.

పేరు చూచి, వంపుసొంపులు చూచి ఎంచుకొనడం నాకు సమ్మతం కాదు. పరీక్షాపదాలతో ఒక పుట సిద్ధం చేసి, ప్రతి ఖతిలోనూ అచ్చు తీయించాను. మొదటి పరీక్ష ‘అర్ధం, అర్థం’. థకారం కడుపులోని చుక్క చిన్న అక్షరాలలో సిరా నిండి మాయమైతే సగమేదో, తాత్పర్యమేదో తెలియదు. తెరపై దివ్యంగా కనిపించినవి కొన్ని కాగితంపై ఇక్కడే ఆగిపోయాయి.

అసలు క్లేశం అనుదాత్తం వద్ద. స్వరితరేఖ అక్షరానికి పైన నిలుస్తుంది, అనుదాత్తరేఖ క్రింద. మన లిపిలో ఆ క్రిందిచోటు వత్తులది. ‘త్ర్యంబక’లో తకారం క్రింద రేఫ యకారాలు రెండూ ఉన్నాయి, అట్టిచోట రేఖ వత్తును చీల్చరాదు, క్రింది పంక్తిపై పడరాదు. పైగా యూనికోడ్‌లో స్వరిత, అనుదాత్త చిహ్నాలు దేవనాగరి విభాగంలోను, దీర్ఘస్వరితం వైదిక విస్తరణల విభాగంలోను ఉన్నాయి. తెలుగు ఖతి నిర్మాత వాటిని ప్రత్యేకించి చేర్చకపోతే అక్షరం ప్రక్కన చుక్కల వలయం ప్రత్యక్షమవుతుంది, లేదా వేరొక ఖతిలోని రేఖ వచ్చి ఎక్కడో వ్రేలాడుతుంది.

చివరకు ముఖపత్రానికి రామభద్ర, తాత్పర్యానికి మండలి తీసుకొన్నాను. రామభద్ర స్థూలం, శీర్షికలకే శోభ. దానితో మంత్రం కూర్చితే కన్ను అలసిపోతుంది. మంత్రభాగానికి నోటో సెరిఫ్ తెలుగు. గీతలోని సన్న, లావుల భేదం తాళపత్రపు చేతివ్రాతను కాకున్నా పాత అచ్చును స్మరింపజేస్తుంది. పంక్తుల నడుమ ఎడం బాగా పెంచాను. పుటలు పెరిగాయి, వ్యయమూ పెరిగింది. ఆ విషయంలో ధర్మకర్తలతో కొంత వాదం నడిచింది. పీడీఎఫ్‌లో ఖతిని పొదిగించాను, లేకుంటే ముద్రణాలయపు యంత్రం తనకు తోచిన ఖతిని పెట్టుకొంటుంది.

ఇప్పుడు ఇద్దరు విద్యార్థులు అచ్చుప్రతిని సరిచూస్తున్నారు. ఒకరు గ్రంథం చూడకుండా వల్లిస్తారు, రెండవవారు రేఖలపై వేలు నడుపుతారు. మూడవ అనువాకం దాకా వచ్చారు.