పిల్లల కాళ్లకు ఏ బూట్లు కొనాలె?



పోయిన వారం నేను పెట్టిన ఫొటో కింద అందరూ ఒకటే అడిగిండ్రు. "అన్నా, నీ కొడుకు కాళ్లకు ఉన్నవి బూట్లా, సాక్సులా? గంత పల్చగ ఉన్నయేంది?" అని. మస్కట్‌ల ఉన్న దోస్తు ఒకడైతే "బోటనీ డౌన్స్‌ల ఉన్నవు కదా, ఇగ బొటనవేలు గురించే ఆలోచిస్తున్నవా" అని నవ్విండు. ఒక్కొక్కరికి ఫోన్‌ల చెప్పేకంటే ఒక్కసారే రాస్తే అయిపోతది. కొంచెం పొడుగైతది, డ్యూటీ దిగినంక తీరిగ్గ చదువుండ్రి.

వాటిని బేర్‌ఫుట్ షూస్ అంటరు. బూటు వేసుకున్నా ఉత్త కాళ్లతో నడిచినట్టే ఉండాలని చేసినవి. గుర్తులు మూడే. ముందు భాగం వెడల్పుగ ఉంటది, వేళ్లు విచ్చుకుంటయి. మడమ కింద ఎత్తు ఉండదు, ముందు ఎంత మందమో వెనుక అంతే మందం. అడుగు పల్చగ ఉంటది, ఎటు వంచితే అటు వంగుతది.

ఇక్కడికి కొత్తగ వచ్చినోళ్లకు ఒక వింత కనబడుతది. న్యూజిలాండ్ పిల్లలు ఉత్త కాళ్లతో తిరుగుతరు. బడికి పోతరు, పార్కుకు పోతరు, పాక్ అండ్ సేవ్‌ల తల్లి ట్రాలీ తోస్తుంటే పక్కన ఉత్త కాళ్లతో నడుస్తరు. పేదోళ్లు కాదు. బయట మంచి కారు ఉంటది. ఆక్లాండ్‌ల ఒక హైస్కూల్ మగపిల్లలు 714 మందిని అడిగి చేసిన సర్వే 2018ల అచ్చయింది. అందుల సగానికి దగ్గర మంది, ఎక్కువ సమయం చెప్పుల్లేకుండానే ఉంటమని చెప్పిండ్రు. మావోరీ వాళ్లు కూడా తమ సభా మందిరంలకు పోయేముందు చెప్పులు బయటే విడుస్తరు. మనం గడప బయట విడిచినట్టే.

మా చిన్నోడికి ఏడేండ్లు. ఎండాకాలంల వాడు కూడా బూట్లు బ్యాగుల పెట్టుకొని ఉత్త కాళ్లతో ఇంటికి రావడం మొదలుపెట్టిండు. వీడియో కాల్‌ల మా అమ్మ చూసింది. ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నది: "మీ తాతకు చెప్పులుండి కూడా గడీ ముందు నుంచి పోయేటప్పుడు చేతుల పట్టుకొని నడిచిండు. నీ కొడుకు ఎవరికి భయపడి విడుస్తుండు బిడ్డా?"

ఏం జవాబు చెప్తం చెప్పుండ్రి. మాది జగిత్యాల దిక్కు. దొరల గడీ ముందు చెప్పులేసుకొని నడవనియ్యని కాలం మా తాతది. జగిత్యాల జైత్రయాత్ర జరిగింది 1978ల, అంటే చాలా పాత మాటేం కాదు. మా నాయిన సుతారి పని చేసిండు. సున్నం, సిమెంటు తిని ఆయన కాళ్లు పగుళ్లు పట్టి నెర్రెలిచ్చిన పొలం లెక్క ఉండేవి. మనకు కాళ్లకు చెప్పులుండడమంటే మర్యాద. అందుకే గల్ఫ్ నుంచి పోయే ప్రతి ఒక్కడి పెట్టెల పిల్లలకు బూట్లుంటయి. ఈ మాట తెలువకుండ "ఉత్త కాళ్లే మంచిది" అని ఎవడన్నా మనకు చెప్తే మనసుకు పట్టదు.

అమ్మకు నేను చెప్పింది ఇదే: తాత చెప్పులు వేరేవాడు విడిపించిండు, వీడు తనంతట తను విడుస్తుండు, వేసుకోవాలనిపిస్తే వేసుకుంటడు. అమ్మ ఒప్పుకున్నట్టూ అనలేదు, ఒప్పుకోనట్టూ అనలేదు. "ముల్లు గుచ్చుకుంటది జాగ్రత్త" అన్నది.

ఆమె మాటల నిజముంది. ఇక్కడి గడ్డిల ఒనెహంగా వీడ్ అని ఒక కలుపు ఉంటది. ఎండాకాలం మొదట్ల దాని గింజలు ఎండి, మన పల్లేరు కాయలకు చిన్న తమ్ముళ్ల లెక్క అరికాళ్లల దిగుతయి. కాకిల్ బే బీచ్‌ల ఆల్చిప్పల ముక్కలు కోసుకుంటయి. జనవరి, ఫిబ్రవరిల తారు రోడ్డు కాలుతది. జూన్ నుంచి చలి, వాన. మన ఊళ్లల్ల అయితే ఇంకోటి, కొంకి పురుగు. బహిర్భూమికి వాడే నేల మీద ఉత్త కాళ్లతో నడిస్తే అరికాలి తోలు నుంచే లోపలికి పోయి రక్తం తాగుతది, పిల్లలు పాలిపోతరు. బడులల్ల అల్బెండజోల్ గోళీలు ఇచ్చేది ఇసొంటి పురుగుల కోసమే. కాబట్టి చెప్పులు వద్దని కాదు. కాలికి కాపలా ఉండాలె, కాలిని బంధించొద్దు. అంతే తేడా.

బంధిస్తే ఏమైతది అనేదానికి మన పక్కనే సాక్ష్యం ఉంది. కర్ణాటక డాక్టర్లు ఇద్దరు, రావు, జోసెఫ్ అనేవాళ్లు, నాలుగు నుంచి పదమూడేండ్ల పిల్లలు 2300 మంది పాదాల ముద్రలు చూసిండ్రు. 1992ల ఇంగ్లండ్ ఎముకల డాక్టర్ల పత్రికల అచ్చయింది. పాదం కింద వంపు లేకుండ చదునుగ ఉండడం, చెప్పులు తొడిగే పిల్లలల్ల వందకు 8.6 మందికి, తొడగని పిల్లలల్ల 2.8 మందికి ఉన్నది. అందుల కూడా ముందు మూసుకున్న బూట్లు వేసుకునేటోళ్లల్ల ఎక్కువ, చెప్పులు, స్లిప్పర్లు వేసుకునేటోళ్లల్ల తక్కువ. చిన్నప్పుడు పాదం ఇంకా కట్టుబడిల ఉన్న ఇల్లు. ఎముకలు చాలావరకు మెత్తటి మృదులాస్థే, పూర్తిగ గట్టిపడేసరికి పదిహేడు పద్దెనిమిదేండ్లు వస్తయి. కాంక్రీటు పచ్చిగ ఉన్నప్పుడు సెంట్రింగ్ వంకర ఉంటే స్లాబు వంకరే వస్తది కదా.

నా కాళ్లే చూడుండ్రి. ఇరవై ఏండ్లు దాటింది స్టీల్ క్యాప్ బూట్లు తొడిగి. సైట్ల అవి ఉండాల్సిందే, దాంట్ల మాట లేదు. కాని నా చిటికెన వేలు పక్క వేలు కిందికి దూరిపోయింది. అది నా కూలి. పిల్లలకు ఆ అవసరం లేదు.

ఇప్పుడు షాపుల ఎట్ల చూడాలె అనేది చెప్త. కంపెనీ పేరు చూసుడు కాదు, చేత్తో చూసుడు.

ఒకటి, మట్టం. బూటును చదును బల్ల మీద పెట్టి పక్క నుంచి చూడు. మడమ దగ్గర, ముందు దగ్గర మందం ఒక్కతీరు ఉండాలె. బాత్రూం ఫ్లోరుకు నీళ్లు పోవడానికి వాలు ఇస్తం, పిల్లల బూటుకు వాలెందుకు?

రెండు, వంపు. ముందు భాగం పట్టుకొని పైకి వంచు. వేళ్ల దగ్గర సులువుగ వంగాలె. తర్వాత తడిబట్ట పిండినట్టు తిప్పు. తిరగకపోతే పక్కన పెట్టు.

మూడు, అచ్చు. దీన్ని ఇంట్లనే చేసుకొని పోవాలె. సాయంత్రం పూట, నడిచి నడిచి పాదం కొంచెం ఉబ్బి ఉంటది కాబట్టి, పిల్లగాన్ని మడమ గోడకు ఆనించి కాగితం మీద నిలబెట్టు. పెన్సిల్ నిటారుగ పట్టుకొని పాదం చుట్టూ గీయి. రెండు కాళ్లూ గీయి, ఒకటి పెద్దగ ఉంటది, పెద్దదే లెక్క. అందరికీ బొటనవేలే పొడుగు కాదు, ఏది పొడుగైతే అక్కడికి కొలువు. దాన్ని అట్ట మీద కత్తిరించి బూట్ల పెట్టి చూడు, లేదంటే బూటు లోపలి మెత్త బయటికి తీసి దాని మీద పెట్టు. పక్కలకు అట్ట మడత పడొద్దు. ముందు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలె. పెరుగుతరు కదా అని రెండు సైజులు పెద్దది కొంటే కాలు జారి, వేళ్లతో బూటును పట్టుకొని నడుస్తరు.

నాలుగు, పట్టు. లేసో పట్టీయో ఉండి పాదం మధ్యల పట్టుకోవాలె. వేళ్ల దగ్గర వదులు, మధ్యల గట్టి.

చిన్నపిల్లలకైతే రెండు మూడు నెలలకోసారి మళ్లీ కొలవాలె. వాళ్లు "బిగుతైంది" అని చెప్పరు, సర్దుకుంటరు.

ఇక పైసల సంగతి. పేరున్న కంపెనీలవి బయటి దేశం నుంచి తెప్పిస్తే జత వంద డాలర్లు దాటుతది. ఇక్కడ కనీస కూలి 2025 ఏప్రిల్‌ల గంటకు 23 డాలర్ల 50 సెంట్లు ఉండె. అంటే పన్ను కట్టకముందే నాలుగు గంటలకు పైన చాకిరి, అదీ నాలుగైదు నెలలల్ల పొట్టిగయ్యే బూట్లకు. అందరితోని కాదు, అవసరం కూడా లేదు. ఈ నాలుగు పరీక్షలు పాసైతే చవక కాన్వాస్ బూటైనా మంచిదే. ట్రేడ్ మీల వాడినవి దొరుకుతయి. అడుగు ఒక పక్క అరిగి ఉంటే మాత్రం కొనొద్దు, ఆ పిల్లగాని నడక మీ పిల్లగానికి వస్తది. బుడిబుడి నడకల పిల్లలకు మెత్తటి తోలు బూట్లు చేసే బాబక్స్ కంపెనీ 1991ల మన ఆక్లాండ్‌లనే మొదలైంది, షాపుల చేత్తో పట్టుకొని చూడొచ్చు. మేమైతే ఎండాకాలం ఇంట్ల, గడ్డిల ఉత్త కాళ్లు, చలికాలానికి ఒక మంచి జత అని పెట్టుకున్నం. బడి యూనిఫాంల ఏ బూటు అనేది ముందు అడిగి కొనుండ్రి.

మందం బూట్లకు అలవాటైన పిల్లలకు ఒక్కసారే మార్చొద్దు. మొదట రోజుకు గంట, మెల్లగ పెంచాలె. నాలుగైదేండ్ల లోపు పిల్లల పాదం చదునుగ కనబడితే భయపడొద్దు, అక్కడ కొవ్వు మెత్త ఉంటది, వంపు తర్వాత వస్తది. కాని నొప్పి అన్నా, కుంటినా, ఒక్క కాలే వేరేగ ఉన్నా డాక్టర్‌కు చూపించుండ్రి. ఇక్కడ పేరు రాయించుకున్న క్లినిక్‌ల 14 ఏండ్లలోపు పిల్లలకు చాలా చోట్ల ఫీజు ఉండదు. ఇంకో మాట, షుగరున్న పెద్దలు ఇది చదివి ఉత్త కాళ్లతో తిరుగుడు మొదలుపెట్టకుండ్రి. దెబ్బ తగిలింది తెలువదు, పుండు మానదు.

మా ఊర్ల మాదిగ తాతలు తోలు చెప్పులు కుట్టేటోళ్లు. మనిషిని తోలు మీద నిలబెట్టి పాదం చుట్టూ గీసి కోసేటోళ్లు. వేళ్లకు అడ్డం లేదు, మడమకు ఎత్తు లేదు. ఇయ్యాల వంద డాలర్లకు అమ్ముతున్న తెలివి ఆ చెట్టు కింద ఎప్పుడో ఉన్నది. వాళ్లకు గింజలిచ్చినం గాని గౌరవం ఇయ్యలేదు.

ఆఖరుకు, దుబాయ్, సౌదీ, కువైట్‌ల ఉన్న అన్నలకు. మీరు రెండేండ్లకోసారి పోతరు. పిల్లగాని కాలు ఎంతుందో అందాజగ బూట్లు కొంటరు. పోయేముందు వారం ఇంట్లోళ్లకు ఫోన్ చేసి పైన చెప్పినట్టు కాగితం మీద గీయమనుండ్రి. ఫొటో పంపితే సైజు తెలువదు, ఫొటోల చిన్నది పెద్దది అయితది. బడి పిల్లల స్కేలుతోని కొలిచి పొడుగు, వెడల్పు మిల్లీమీటర్లల్ల రాసి పంపమనుండ్రి. దాన్ని పట్టుకొని షాపుకు పోండ్రి. నేను దుబాయ్‌ల ఉన్నప్పుడు మా పెద్దదాని పాదం గీసిన కాగితం ఊరి నుంచి వచ్చే మనిషితోని తెప్పించుకున్న. ఆ కొలతకు కొన్న చెప్పులు సరిగ్గ సరిపోయినయి. కాగితం ఇంకా నా పాస్‌పోర్ట్ కవర్ల ఉన్నది. ఇప్పుడు దానికి పదహారేండ్లు, నా కాలంత అయ్యింది దాని కాలు.

మీ పిల్లల సైజులు, మీ ఊరి షాపుల దొరికిన మంచి బూట్లు ఏవైనా ఉంటే కింద రాయుండ్రి. ఇంకొకరికి పనికొస్తది.