పోయే లెక్క, వచ్చే లెక్క

పెనుకొండ కొండ మీది దొనలు చూసి వచ్చిన సంగతి రాయమని తెలుగు సార్ చెప్పినారు. మేము కొండ పైదాకా ఎక్కలేదు. సగంలోనే తిరిగి వచ్చినాం. ఎందుకో దాచకుండా రాస్తాను. అందులో నా తప్పు కూడా ఉంది.

దొన అంటే మన పక్క అందరికీ తెలుసు. కొండ మీద బండల నడుమ నిలిచే నీటి గుంట. హిమాలయాల్లో ఎత్తైన చోట సరస్సులు ఉంటాయనీ, మంచు తొలిచిన గుంటల్లో కరిగిన నీళ్ళు నిలుస్తాయనీ సాంఘిక శాస్త్రం సార్ చెప్పినారు. మనకు మంచు యాడిది? మన పక్క ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే గొప్ప. ఆ వాన బండ మీద పడి, లోపలికి ఇంకే దారి లేక, జారి గుంటలో చేరుతుంది. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడినాక విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకు మార్చుకున్నారు. శత్రువులు కోటను చుట్టుకుంటే లోపలోళ్ళు తాగేదేమి? అందుకే కొండ మీది నీళ్ళు వాళ్ళకు ప్రాణంతో సమానం.

యాడికి పోవల్లనే దాని మీద మా తరగతిలో పెద్ద గొడవ జరిగింది. హిందూపురం పక్కోళ్ళు "లేపాక్షి పోదాం, నంది చూద్దాం" అన్నారు. ధర్మవరం పక్కోళ్ళు "మా చెరువు చూడండి, ఎంత పెద్దదో" అన్నారు. పెనుకొండ రెండింటికీ నడుమ ఊరు. దానికే ఒప్పుకున్నాం. దీనికి ఇంకొక కారణం ఉంది. మనలాగే గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పుడు ఆమెకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆమె మొదట నేర్చుకున్నది భువనగిరి బండ మీద. ఆ సంగతి విన్నప్పటి నుంచి నాకు ఒకటే పట్టుదల, కొండ పైన నిలబడల్లని.

ఏర్పాట్లు రాసే పని సార్ నాకు అప్పగించినారు. సంక్రాంతి సెలవుల్లో తండాలో కూర్చొని రాసినాను. పిల్లలు 22 మంది, సార్లు ఇద్దరు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. రొట్టె, చెనిక్కాయల ఉంట. గుడ్డ పట్టీ, పసుపు. ఎలుగుబంట్లు తిరుగుతాయి కాబట్టి ఎవరూ విడిపోకూడదు. చివర్లో పెద్ద అక్షరాలతో "చెప్పులు సరిగా లేనివాళ్ళు రాకూడదు" అని రాసినాను. బలే బాగా రాసినానని అనుకున్నాను.

అప్పుడు మా యాడి మూట కట్టుకుంటా ఉంది. చెనిక్కాయ పంట అయిపోయినాక మా యాడి, నాయన బెంగళూరుకు బేల్దారి పనికి పోతారు. హిందూపురంలో రైలెక్కుతారు. రాగి పిండి, చింతపండు, మిరపపొడి అన్నీ పెట్టింది. అంతకంటే ముందు కొంత డబ్బు తీసి చీర కొంగున ముడి వేసింది.

"అదేంటికి యాడీ?" అంటే, "వచ్చే చార్జీ నాయనా. ముందు అది పక్కన పెట్టల్ల. పోయేదానికి ఎట్లో పోతాం. ఆడ పని దొరక్కపోతే, జరం వస్తే, ఇంటికి చేరేది ఎట్ల? ఈ ముడి మాత్రం విప్పను" అనింది.

నా కాగితం చూసుకున్నాను. అంతా పోయే లెక్కే. వచ్చే లెక్క ఒక్కటీ లేదు. అప్పుడు ఇంకా రెండు మాటలు చేర్చినాను. తెచ్చుకున్న నీళ్ళలో సగం దిగేటప్పటికి మిగలల్ల. పదిన్నర గంటలకు ఎక్కడ ఉంటే అక్కడి నుంచే తిరగల్ల. సార్ చదివి "ఇది ఎవరు చెప్పినార్రా?" అన్నారు. "మా యాడి సార్" అన్నాను.

ఆదివారం హిందూపురంలో తెల్లవారక ముందే బస్సెక్కి, సోమందేపల్లి మీదుగా పెనుకొండ చేరినాం. ఏడు గంటలకు నడక మొదలు. దారంతా రాళ్ళు, కంప చెట్లు. కింద ఊరు, రైలు పట్టాలు చిన్నగా కనబడతా ఉంటే ఆయాసం తెలియలేదు. తొమ్మిదిన్నరకు దొన దగ్గరికి వచ్చినాం. నీళ్ళు పచ్చగా ఉన్నాయి. అవి తాగొద్దని సార్ ముందే చెప్పినారు. ఆ నీళ్ళలో మబ్బు కనబడింది. ఎండిన కొండ మీద అన్ని నీళ్ళు చూస్తే అందరం కాసేపు గమ్మున నిలబడిపోయినాం.

అప్పుడే ధర్మవరం పక్క తండా నుంచి వచ్చిన నా స్నేహితుడు కుంటుతా వచ్చి కూలబడినాడు. చెప్పు అడుగున రంధ్రం. దానికి అట్టముక్క పెట్టుకొని వచ్చినాడు. మడమ చీరుకొని రక్తం కారతా ఉంది. "ముందే ఎందుకు చెప్పలేదురా?" అని అరిచినాను. వాడు తల వంచుకొని "చెప్తే నా పేరు కొట్టేస్తావని" అన్నాడు.

ఇంకా గంట టైముంది, నీళ్ళున్నాయి. "వీడి దగ్గర ఇద్దర్ని కూర్చోబెట్టి మనం పైకి పోయొద్దాం సార్" అన్నాను. నిజం చెప్పల్లంటే ఆ నిమిషం నాకు వాడి కాలు కంటే కొండ పైనే కనబడింది. సార్ కోప్పడలేదు. "కాగితం నువ్వే రాసినావు కదా, చదువు" అన్నారు. ఎవరూ విడిపోకూడదు అని నా చేత్తో రాసింది నేనే. మా యాడి కొంగు ముడి గుర్తుకొచ్చింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

పసుపు వేసి పట్టీ కట్టినాం. వంతులు వేసుకొని వాణ్ణి భుజం మీద ఆనించుకొని దించినాం. దిగేదానికి ఎక్కినప్పటి కంటే ఎక్కువ సేపు పట్టింది. ఎండ ముదిరింది. దాచిన నీళ్ళు అప్పుడు అక్కరకొచ్చినాయి. కింద చేరేటప్పటికి సీసాల్లో చుక్క మిగల్లేదు. మేము గనక పైకి పోయుంటే ఆ నీళ్ళు పైనే అయిపోయేవి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడు అబద్ధం చెప్పినాడని అందరూ అన్నారు. వాడితో అబద్ధం ఆడించింది నా కాగితం. "చెప్పులు లేనివాళ్ళు రాకూడదు" అని రాసినాను కానీ, "చెప్పులు లేకుంటే ముందు చెప్పండి, చూద్దాం" అని రాయలేదు. మనలో చెప్పులు అరిగినోళ్ళు ఎంతమంది లేరు? నాకు తెలియని సంగతా అది?

వానలు పడి దొనలు నిండినాక మళ్ళా పోదామని సార్ ఒప్పుకున్నారు. ఈసారి కాగితంలో మొదటి మాట మార్చినాను: "ఎవరికి ఏది లేదో గుట్టుగా వచ్చి చెప్పవలెను. పేరు కొట్టివేయబడదు." మా నాయన బెంగళూరు నుంచి నాకు కొత్త చెప్పులు పంపినాడు. పాతవి కూడా గట్టిగానే ఉన్నాయి. కావలసిన వాళ్ళు అడగండి.

ఇట్లు,
మీ 9వ తరగతి విద్యార్థి