ఒక ఆకు, నాలుగు మొలకలు

శనివారం సాయంత్రం నాలుగు దాటిందంటే హైదరాబాద్ కొండాపూర్ బొటానికల్ గార్డెన్ చుట్టుపక్కల నర్సరీల ముందు బండి పెట్టుకోవడానికి చోటు దొరకదు. వారమంతా మైండ్‌స్పేస్ అద్దాల వెనకో, నానక్‌రామ్‌గూడ టవర్లలోనో గడిపిన కుర్రకారు ఇంటికీ ఆఫీసు బల్లకీ మొక్కలు ఏరుకోవడానికి వస్తారు. మేం వెళ్లిన నర్సరీ రోడ్డు మీదికి చిన్నదిగానే కనిపిస్తుంది. ముందు వరసలో మనీప్లాంట్లు, స్నేక్ ప్లాంట్లు, అరీకా పామ్‌లు. లోపలికి నడిస్తే ఆకుపచ్చ నీడవల కింద ఇనుప బెంచీల మీద అరచేతిలో పట్టేంత కుండీలు బారులు తీరి ఉంటాయి. అక్కడున్నవి దాదాపు అన్నీ పెపరోమియాలే.

"అన్నా, ఇది ఏసీల బతుకుతదా?" అని ఒకమ్మాయి అడుగుతోంది. ఆమె చేతిలో ఉన్నది పుచ్చకాయ పెపరోమియా. గుండ్రటి మందపాటి ఆకు, ముదురాకుపచ్చ మీద వెండి చారలు, ఎర్రటి తొడిమ. నర్సరీ యజమానిది తూర్పు గోదావరి జిల్లా కడియం దగ్గరి ఊరు. "శుభ్రంగా బతుకుతుందమ్మా. మీరు అస్తమానూ నీళ్లు పొయ్యకుండా ఉండగలిగితే చాలండి" అన్నాడాయన. ఈ మొక్క కొనేవాళ్లందరికీ ఆయన మొదట చెప్పే మాట ఇదేనట. డబ్బులు తీసుకుని కుండీ చేతికిచ్చేటప్పుడు ఇంకోసారి చెబుతాడు.

పెపరోమియా పేరు మనకు కొత్తే గానీ దాని చుట్టాలు మన వంటింట్లోనే ఉన్నాయి. మిరియాలు, పిప్పలి, తమలపాకు పుట్టిన పైపరేసీ కుటుంబమే దీనిదీ. పెరూ అడవుల్లో మొక్కలు సేకరించిన స్పెయిన్ శాస్త్రవేత్తలు రూయిజ్, పవోన్ 1794లో దీన్ని ప్రత్యేక ప్రజాతిగా ప్రకటించారు. ఇప్పటికి వెయ్యికి పైగా జాతులు లెక్కకొచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం మధ్య, దక్షిణ అమెరికాలవే. పూత చూస్తే చుట్టరికం తెలిసిపోతుంది. రేకులుండవు. కంటికి ఆననంత చిన్న పూలన్నీ ఒక సన్నటి కంకికి అతుక్కుని ఎలుక తోకలా నిలబడతాయి. పిప్పలి కంకిని ఎరిగినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. కొని తీసుకెళ్లినవాళ్లు మాత్రం ఏదో తెగులు పట్టిందని భయపడి ఫొటోలు పంపిస్తుంటారని యజమాని చెప్పాడు.

డిగ్రీలో వృక్షశాస్త్రం చదివినవాళ్లకు ఈ పేరు మరో దారిలో పరిచయం. పూల మొక్కల్లో చాలావాటి పిండకోశంలో 8 కేంద్రకాలుంటే పెపరోమియాలో 16 ఉంటాయి. పంచానన్ మహేశ్వరి 1950లో వెలువరించిన పిండోత్పత్తి శాస్త్ర గ్రంథాన్ని మన కాలేజీల్లో తరాల తరబడి చదివారు. పరీక్ష కాగితం మీద ‘పెపరోమియా రకం’ అని రాసి, గుండ్రటి సంచీ గీసి, పదహారు చుక్కలు పెట్టిన తెలుగు విద్యార్థులు ఎందరో ఉంటారు. వాళ్లలో ఆ మొక్కను కుండీలో చూసినవాళ్లు ఎందరో!

అడవిలో ఈ జాతుల్లో చాలావాటికి నేలతో పని లేదు. చెట్టు బెరడు మీద, నాచు పట్టిన కొమ్మల పంగల్లో, రాళ్ల సందుల్లో బతుకుతాయి. చెట్టు రసం పీల్చవు, ఆసరా మాత్రమే తీసుకుంటాయి. వాన పడితే తడుస్తాయి, కాస్త గాలి వీస్తే ఆరిపోతాయి. అందుకే వేళ్లు కురచగా, పలచగా ఉంటాయి. నీళ్లు దాచుకునే పనంతా ఆకుదే. ఆకు పైపొర కింద రంగులేని కణాల వరసలు కొన్ని ఉంటాయి, నీటి నిల్వ అక్కడే. ఎద్దడి వచ్చినప్పుడు ముందుగా ఆ పొర కుంచించుకుపోతుంది. దాని నీళ్లు వాడుకుంటూ కింది పచ్చటి కణాలు పని సాగిస్తాయి. కొన్ని జాతులు మరో అడుగు ముందుకేసి, రాత్రి తాము వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పోనీయకుండా ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి, పగలు ఎండ పొడకు దాన్నే మళ్లీ వాడుకుంటాయి.

ఇవన్నీ పుస్తకాల్లో ఉన్న సంగతులు. నీడవల కింద వేళ్లతో తెలుసుకునే పద్ధతి ఇంకా తేలిక. అక్కడ పనిచేసే పాలమూరు ఆవిడ ఒక ఆకును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని నెమ్మదిగా వంచి చూపించింది. ఆకు వంగలేదు. "గిట్ల గట్టిగుంటే నీళ్లు ముట్టొద్దు. మెత్తవడి వంగుతే అప్పుడు పొయ్యాలె" అంది. పక్క బెంచీ మీద మరో కుండీలో ఆకులు వేలాడిపోయి ఉన్నాయి. దాహం అనుకుంటాం. ఆవిడ మట్టిలో వేలు దించితే వేలికి తడి అంటింది. మొక్కను పైకి లాగితే చేతికొచ్చింది, వేళ్లు నల్లబడి జారిపోతున్నాయి. ఊపిరాడక కుళ్లిన వేళ్లు నీళ్లు తాగలేవు. కుండీ నిండా నీళ్లున్నా పైన ఆకులు ఎండుతాయి. ఇది తెలియనివాళ్లు అప్పుడే ఇంకో చెంబు పోస్తారు, మొక్క అక్కడితో సరి. ఆకు మెత్తబడాలి, మట్టీ పొడిగా ఉండాలి. రెండూ కలిస్తేనే నీళ్లు.

మట్టి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. హైదరాబాద్ నర్సరీలకు సరుకు చాలావరకు కడియం, కడియపులంక వైపు నుంచి లారీల్లో వస్తుంది. అంత దూరం కుదుపులకు వేరు కదలకూడదని బంకమట్టి ముద్దలో బిగించి పంపుతారు. ప్రయాణానికి అది అవసరం. ఇంటికెళ్లాక అదే ముద్దలో ఉంచితే పెపరోమియాకు అది ఉరి. ఈ నర్సరీలో దించిన వెంటనే ఆ ముద్దను నీళ్లలో నానబెట్టి వదులు చేసి, రెండు పాళ్లు కోకోపీట్, ఒక పాలు పెర్లైట్, కాసిన్ని బొగ్గు ముక్కలు, గుప్పెడు వర్మీకంపోస్టు కలిపిన మిశ్రమంలోకి మారుస్తున్నారు. పెర్లైట్ దొరక్కపోతే సన్నటి ఇటుక ముక్కలూ పనికొస్తాయట. కుండీ వేళ్ల గుత్తికి సరిపడా ఉండాలి, అంతకు మించి పెద్దది వద్దు. ఖాళీ మట్టి ఎక్కువైతే తడి ఆరదు. ఇక పుట్టినరోజు కానుకగా ఇచ్చే అందమైన పింగాణీ కప్పుల్లో అడుగున చిల్లు ఉండదు. ఈ మొక్కకు అంతకన్నా పెద్ద శత్రువు లేదు.

ఈ నర్సరీ ఆఫీసులకు మొక్కలు అద్దెకు కూడా ఇస్తుంది. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి మాదాపూర్ అంటే బండరాళ్లూ పొదలే. తర్వాత లేచిన అద్దాల మేడలతో పాటే మొక్కల అద్దె వ్యాపారమూ పెరిగింది. రాయదుర్గం మెట్రో స్టేషన్‌కు దగ్గర్లోని ఒక కార్యాలయంలో అద్దె మొక్కల బాగోగులు చూసే కుర్రాడి వెంట మేమూ ఒక అంతస్తు తిరిగాం. పడమటి అద్దాన్ని ఆనుకుని ఉన్న బల్లల మీద పెపరోమియా ఆకులకు గోధుమరంగు మచ్చలున్నాయి. మధ్యాహ్నపు ఎండ అద్దంలోంచి నేరుగా పడి కాల్చిన మచ్చలవి. అంతస్తు నడిమధ్యన, కిటికీకి దూరంగా ఉన్నవి సన్నగా సాగి, ఆకుకూ ఆకుకూ మధ్య ఎడం పెరిగి, దీపం వైపు ఒరిగిపోయాయి. అద్దానికి ఏడెనిమిది అడుగుల ఇవతల, తెర దించి ఉన్నచోట మాత్రం నిగనిగలాడుతున్నాయి.

ఆ కుర్రాడు వాటి చోట్లు మార్చాడు. మాడినవాటిని లోపలికి, సాగినవాటిని వెలుతురుకు. ఒక్కో కుండీని ఎత్తి బరువు చూశాడు. తేలికగా ఉన్నదానికే నీళ్లు. ఒక కుండీలోంచి కాఫీ వాసన వచ్చింది. సీసాలో మిగిలిన నీళ్లు, కప్పులో మిగిలిన కాఫీ కుండీలో పారబోసే అలవాటు చాలామందికి ఉందని, మొక్కలు ఎక్కువగా పోయేది అలాగేనని చెప్పాడు. మొక్క మీద ప్రేమ ఉన్నవాళ్లే ఈ పని చేస్తారు, కోప్పడటానికి మనసొప్పదు. కుండీ అంచుకు ‘నీళ్లు పోయవద్దు’ అని చీటీ అంటించి వచ్చాడు.

నిజానికి ఏసీ గది ఈ మొక్కకు కష్టమేమీ కాదు. 18 నుంచి 24 డిగ్రీల మధ్య అది హాయిగా ఉంటుంది, ఆఫీసుల్లో ఉండేదీ ఇంచుమించు అంతే. ఏసీ గాలి నేరుగా మీద పడకపోతే చాలు. మందపు ఆకుల ఒబ్టూసిఫోలియా రకం పొడిగాలిని బాగా తట్టుకుంటుంది. ముడతల ఆకుల కెపరాటా రకానికి కాస్త తేమ కావాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే బాల్కనీల కన్నా ఆఫీసు బల్లే ఈ మొక్కకు నయం. అయితే అది గాలిని శుద్ధి చేస్తుందని చెప్పి అమ్మడం మాత్రం తగదు. ప్రయోగశాల పెట్టెల్లో వచ్చిన ఫలితాలను గదులకు వర్తింపజేసి చూసిన డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కమింగ్స్, వేరింగ్ 2019లో తేల్చింది ఏమంటే, కిటికీ తెరిస్తే వచ్చే ఫలితం మొక్కలతో రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 దాకా ఉండాలి. మొక్కను మొక్క కోసమే పెంచుకోవచ్చు. ఒక కొత్త ఆకు చుట్ట విప్పుకోవడం చూడటానికి వేరే కారణం అక్కర్లేదు.

నర్సరీలో అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడి చూడాల్సింది వెనక మూలన ఉన్న ఆకుల బెంచీ. పాలమూరు ఆవిడ పుచ్చకాయ పెపరోమియా నుంచి ముదరని, లేతగానూ లేని ఆకును అంగుళం తొడిమతో కోసింది. బ్లేడును ముందే స్పిరిట్‌తో తుడిచింది. అలా కోసిన ఒక్కో ఆకును అడ్డంగా రెండు ముక్కలు చేసి పళ్లెంలో ఆరబెట్టింది. గాయం ఆరకుండా గుచ్చితే కుళ్లుతుందట. ఆరాక తొడిమ ఉన్న ముక్కను తొడిమ మునిగేలా గుచ్చింది. పై ముక్కను కోసిన అంచు కిందికి వచ్చేలా తడి కోకోపీట్‌లో నిలబెట్టింది. కోసిన అంచున ఈనెలు తెగిన చోటల్లా వేరు పుట్టే వీలుంది. మూడు నాలుగు వారాలకు వేళ్లు, మరో నెలకు మట్టిలోంచి బఠాణీ గింజంత ఆకులు. ఆవిడ పాత ట్రేలోంచి ఒక ముక్కను వేలితో లేపి చూపించింది. పసుపు తిరిగిన సగం ఆకు, దాని అంచున నాలుగు చిట్టి మొక్కలు, ఒక్కోదానికీ రెండేసి ఆకులు, వాటి మీద అప్పటికే వెండి చారలు. తల్లి ఆకు తనలో దాచుకున్న నీళ్లన్నీ వీటికిచ్చి కొన్నాళ్లకు వడలిపోతుంది. అప్పటిదాకా దాన్ని తెంపకూడదు.

ట్రేల మీద మూతలుగా పెట్టినవి హోటల్ పార్సిల్ డబ్బాలు. పారదర్శకంగా ఉండే ఆ డబ్బాకు నాలుగు చిల్లులు పొడిచి బోర్లిస్తే లోపల తేమ నిలుస్తుంది. ఐటీ కారిడార్‌లో ఆ డబ్బాలకు కరువా!

అన్ని రకాలకూ ఆకు పద్ధతి కుదరదు. పచ్చా మీగడా కలిసిన ఒబ్టూసిఫోలియాను ఆకుతో పెంచితే వచ్చే పిల్లలు చాలాసార్లు ఒట్టి పచ్చగానే ఉంటాయి, ఆ రంగుల పొందిక కణుపులోని మొగ్గలోనే ఉంటుంది కనుక. దానికి రెండు మూడు కణుపులున్న కొమ్మ ముక్క కావాలి. యజమానికి ఇది పుస్తకం చెప్పిన సంగతి కాదు. పొన్నూరు వైపు తమలపాకు తోటల్లో అవిశ చెట్ల నీడన తీగ ముక్కలు కణుపులతో సహా నాటడం చూసి వచ్చిన మనిషి. "అదీ ఇదీ ఒకటేనండి. కణుపు మట్టిలో ఉండాలి, ఎండ తలమీద పడకూడదు" అన్నాడు. నీళ్ల సీసాలో వేరు పట్టించేవాళ్లకు ఆయన చెప్పేది ఒక్కటే: వేరు అంగుళం పెరగ్గానే మట్టిలోకి మార్చండి. ఆలస్యమైతే నీటికి అలవాటుపడ్డ వేరు మట్టిలో ఇమడటానికి కష్టపడుతుంది.

ఈ పనికి హైదరాబాద్‌లో అదను జూన్ చివరి నుంచి అక్టోబరు దాకా. ఎండాకాలంలో కోసిన ఆకు వేరు పట్టేలోపే వాడుతుంది, డిసెంబరు చలిలో వేరు కదలదు. పిండినల్లి కనబడితే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవాలి. బోరు నీళ్లు పైన చల్లితే ఆకు మీద తెల్ల మచ్చలు కడతాయి, అందుకే ఈ నర్సరీలో వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టి ఉంచారు. పెంపుడు పిల్లులున్న ఇళ్లవాళ్లకు ఇంకో నిశ్చింత. మనీప్లాంటు పిల్లులకు, కుక్కలకు పడదు గానీ పెపరోమియాతో ఆ భయం లేదు.

బెంచీల కింద, డ్రమ్ము నీళ్లు ఒలికే చోట, గుండె ఆకారపు పలచటి ఆకులతో, గాజులాంటి కాడలతో ఒక కలుపు మొక్క గుబురుగా పెరిగింది. దానికీ సన్నటి తోక కంకులున్నాయి. అది పెపరోమియా పెల్యూసిడా. అమెరికా ఖండం నుంచి ఎప్పుడో వచ్చి మన తడి గోడల పక్కన, నర్సరీ కుండీల్లో స్థిరపడింది. వియత్నాంలో దాన్ని పచ్చిగా సలాడ్‌లో తింటారు. ఫిలిప్పీన్స్ ఆరోగ్యశాఖ ఆమోదించిన పది ఔషధ మొక్కల్లో అదొకటి. ఇక్కడ మాత్రం వారానికోసారి పీకి ఎరువు గుంతలో వేస్తారు. పక్కనే ఆకు గుచ్చుతున్న ఆవిడకు ఆ కలుపూ బెంచీ మీదున్న ఖరీదైన మొక్కా ఒకే ప్రజాతి బంధువులని చెబితే, ఒక కాడ తుంచి కంకిని కంకి పక్కన పెట్టి చూసుకుంది. "అవును, తోకలు ఒక్కతీర్గనే ఉన్నయి" అని, ఆ కాడను ఖాళీగా ఉన్న ట్రే గడిలో గుచ్చింది.