పడాక్ బల్ల

చాథమ్ దీవిలో 1883 నాటి రంపపు మిల్లు ఉంది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి వంతెన దాటితే అదే. శ్రీకాకుళం తీరం నుంచి వలస వచ్చిన ఒక వడ్రంగి ఆ పరిసరాల్లోనే పని నేర్చాడు. ఎర్రని పడాక్ చేవ అంటే అతనికి ప్రాణం. స్వగ్రామంలో తల్లి కూర్చునేందుకు ఆ కర్రతో బల్ల చేసి, అటవీ శాఖ అనుమతి పొంది (అది లేనిదే కర్ర సామాను దీవి దాటదు), ఓడమీద విశాఖకు పంపాడు. పలకలను జిగురుతో అతికించి, రెండంచులా మేకులు దిగగొట్టాడు. సందు కనబడకపోవడమే పనితనమని అప్పటి అతని నమ్మకం.

వైశాఖంలో బల్ల నార వెంట పగిలింది. తల్లి కబురు చేయలేదు. పగులు మీద దుప్పటి పరిచి కూర్చునేది. ఇంటికి వెళ్లి దుప్పటి తీసినప్పుడు గాని అతనికి తెలియలేదు.

లోపం కర్రది కాదు. పడాక్ చాలా కలపలకన్నా నిలకడైనది. అయినా ఏ కర్రైనా గాలిలోని తేమను పీల్చుకుంటూ, వదులుతూనే ఉంటుంది. పొడవులో దాదాపు మారదు. వెడల్పులో ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. రెండు రుతుపవనాల దీవుల్లో తేమ తాగిన పలక వడగాడ్పులకు సన్నబడబోయింది, మేకులు కదలనివ్వలేదు.

రెండో బల్లకు పలకల మధ్య సన్నని సందు వదిలాడు. ప్రతి పలకనూ ఒక అంచున మర మేకుతో బిగించి, రెండో అంచున బెజ్జాన్ని అడ్డంగా, కోలగా తొలిచాడు. జిగురు కాళ్ల కుసులకే వాడాడు.

"ఇదేట్రా, పని సగంలో ఒగ్గేసినావు?" అంది తల్లి.

వానాకాలం ఆ సందుల్లో పోస్టుకార్డు దూరేది కాదు. వేసవిలో మాత్రం ఆమె రూపాయి బిళ్లలు జారి కిందపడేవి.